పన్నెండు అక్షరాల నంబరు

"కాపీ" అని ఎర్ర సిరాతో రాసి, నెట్‌వర్క్స్ సారు ఆ ల్యాబు రికార్డును బల్ల మీదికి విసిరేశాడు.

"కాదు సార్, నేను చేసిందే," అంది అమ్మాయి. పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది అయిదోసారి.

"ఇంటి పెద్దను తీసుకురమ్మన్నది మళ్లీ ఇదే పాట వినడానికి కాదు."

ఇంటి పెద్ద వచ్చే ఉంది. తల్లికి సెలవు దొరక్క అమ్మమ్మ వచ్చింది. డిపార్ట్‌మెంటు పెద్దసారు గదిలో కుర్చీ అంచున కూర్చుని మోకాళ్లు రాసుకుంటోంది. కింద ల్యాబులో ఆఖరి పరీక్ష నడుస్తోంది. రికార్డు మీద సంతకం పడితేనే పిల్లను లోపలికి రానిస్తారు. పరీక్ష గట్టెక్కితే ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరుతుంది. లేదంటే ఏడాదీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

"మా పిట్ట ఏం దొంగిలించింది బాబూ?" అంది అమ్మమ్మ.

"నా పుస్తకం, మామ్మగారూ." సారు కొత్త పుస్తకం తెరిచి చూపించాడు. ఆయన పేరుతో వచ్చిన ల్యాబు పుస్తకం. అచ్చయి వారం కాలేదు, ఇంకా జిగురు వాసన పోలేదు. "రెండు కంప్యూటర్లను తీగతో కలిపి, వాటి మధ్య నడిచే సమాచారాన్ని పట్టుకుని తెర మీద చూపించాలి. ఆ తెర బొమ్మ నా పుస్తకంలో ఉంది. మీ మనవరాలు అదే బొమ్మ తెచ్చి తన రికార్డులో అంటించింది."

"ఆ బొమ్మ ఫైలు రెండు నెలల కిందటే మీకు మెయిల్ చేశాను సార్. క్లాసులో అందరం..."

"మధ్యలో మాట్లాడకు!"

"ఒకే కొలతలతో కుట్టిన జాకెట్లు ఒకలాగే ఉంటాయి కదా నాయనా," అంది అమ్మమ్మ. "అందరూ ఒకే పని చేస్తే బొమ్మలూ అంతేనేమో."

సారు నవ్వాడు. వెనక బెంచీ పిల్లలకు చెప్పేటప్పుడు నవ్వే నవ్వు అది. "అంతే కాదు మామ్మగారూ. ఇదిగో, ఈ పన్నెండు అక్షరాల నంబరు చూడండి. కంప్యూటరు తయారైనప్పుడే దానిలో వేసేస్తారు. ఏం పంపినా ఈ నంబరు కూడా వెంట వెళుతుంది. ప్రపంచంలో ఏ రెండింటికీ ఒకే నంబరు ఉండదు. నా బొమ్మలో ఉన్న నంబరే దీని బొమ్మలోనూ ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

పెద్దసారు అవునన్నట్టు తలూపి, కళ్లజోడు తుడుచుకోవడంలో పడ్డాడు.

"ఏ రెండింటికీ ఉండదా?" అంది అమ్మమ్మ.

"ఉండదు."

"ఒట్టు?"

"శాస్త్రం మామ్మగారూ! ఒట్టెందుకు?"

"అయితే ఆ నంబరున్న యంత్రం ఇప్పుడెక్కడుంది బాబూ?"

సారు పుస్తకంలో పేజీ తిప్పాడు. "ల్యాబులో... ఏదో ఒకటి. అరవై ఉన్నాయి అక్కడ."

"నువ్వు చేసిన పనేగా, ఏదో గుర్తు లేదూ?"

అమ్మాయి సంచీలోంచి తన ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. అడుగున కంపెనీవాళ్లు నంబరు అచ్చేసి అంటించిన చిన్న చీటీ ఉంది. అమ్మమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది.

"నాకు ఇంగ్లీషు రాదు. కానీ లాండ్రీలో ముప్పయ్యేళ్లు గుర్తులు చూసి బట్టలు అప్పగించినదాన్ని. ఒక్క చొక్కా మారితే ఒట్టు."

ఒక వేలు పుస్తకం మీద, ఒక వేలు చీటీ మీద పెట్టి నెమ్మదిగా జరిపింది. "ఇక్కడ కొక్కెం, అక్కడా కొక్కెమే. ఇక్కడ రెండు బొజ్జలు, అక్కడా రెండు బొజ్జలే. ఇక్కడ సున్నా..." "పన్నెండుకు పన్నెండూ సరిపోయాయి. పెద్దసారూ, మీరూ ఓసారి చూసుకోండి."

పెద్దసారు చూశాడు. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశాడు.

"అరవై మంది ఫైళ్లు పంపారండీ," అన్నాడు నెట్‌వర్క్స్ సారు, పుస్తకం మూసేస్తూ. "ప్రెస్సువాళ్లు అందులోంచి ఏదో ఒకటి తీసి..."

"కాపీ కేసు పెడితే రికార్డూ పుస్తకమూ రెండూ యూనివర్సిటీకి పంపాలి," అన్నాడు పెద్దసారు, ఒక్కో మాటా తూచినట్టు. "పైవాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తారు." కలం తీసి, రికార్డు మీది ఎర్ర మాటను అడ్డంగా కొట్టేశాడు. "కేసేమీ లేదమ్మా. రికార్డు నా దగ్గర ఉండనీ. నువ్వు వెళ్లు, కింద ల్యాబుకు నేను ఫోను చేసి చెబుతాను."

"నూరేళ్లు చల్లగా ఉండు నాయనా!" అమ్మమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గుమ్మం దాటుతూ తల దించుకున్న సారు వైపు తిరిగింది. "బాధపడకు బాబూ. ఈసారి నీ యంత్రం మీద నువ్వే చేసుకో."

రెండంతస్తుల మెట్లు. అమ్మమ్మ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

"నువ్వు పరుగెత్తవే పిట్టా, నేను మెల్లగా వస్తా."

"నువ్వు లేకపోతే నన్నెవరు నమ్మేవాళ్లు? నువ్వూ రా," అంటూ అమ్మాయి చెయ్యి వదల్లేదు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. ఉద్యోగంలో చేరే రోజు ఏ చీర కట్టాలో చివరి మెట్టు దాకా వాదించుకున్నారు.

ల్యాబు గుమ్మం దగ్గర బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకురాలు కూర్చుని ఉంది. హాల్‌టికెట్ తీసుకుని చూసింది. తన దగ్గరున్న జాబితా చూసింది. తర్వాత అమ్మాయిని కింది నుంచి పైదాకా చూసి, హాల్‌టికెట్ తిరిగి ఇచ్చేసింది.

"మీ పెద్దసారు ఇప్పుడే ఫోను చేసి జాబితాలో రాయించారమ్మా. ఇవాళ నువ్వసలు పరీక్షకే రాలేదట."