ఇరవై మూడో కుర్చీ

"వదినా, నీ ముసలి మొగుడు వచ్చి కూర్చున్నాడే!"

వరసకి మరదలయ్యే హాస్టలు పిల్ల మేరేవాయి కిసుక్కున నవ్వింది. అకనీసికి ఒళ్ళు మండింది.

ఫిజీ రాజధాని సువాలోని ఆ యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో యంత్రాలు ఇరవై మూడు. పిల్లలు ఇరవై మూడు వేలంటే మీరు నమ్మరు గానీ, ఏడున్నరకి తలుపు తీయగానే హాస్టలు పిల్లలు వరదలా పడేవారు. సొంత లాప్‌టాప్ లేనివాళ్ళకి ఆ గదే దిక్కు.

అకనీసి రెండు బస్సులు మారి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

అప్పటికి మూలనున్న ఇరవై మూడో కంప్యూటర్ ముందు ఆ ముసలాయన ఉండేవాడు. పూల చొక్కా, ఒళ్ళో ఉడికించిన కర్రపెండలం పొట్లం. తెర మీద ఏమీ ఉండదు. కూర్చుని జోగేవాడు.

అకనీసి వెనక నిలబడి గట్టిగా దగ్గేది.

ఆయన ఉలిక్కిపడి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచేవాడు. పల్లెత్తు మాట లేకుండా వెళ్ళిపోయేవాడు.

"చూశావా, నా దగ్గుకే హడలిపోయాడు."

"నీ దగ్గుకి తుఫానే దారి మార్చుకుంటుందిలేవే!"

శుక్రవారం పన్నెండుకల్లా ఆఖరి ప్రాజెక్టు పంపాలి. పంపకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అది ఆగితే అకనీసి చదువూ ఆగినట్టే.

ఆ రోజు ముసలాయన లేవనని మొండికేస్తే?

గురువారమే వెళ్ళి గది చూసుకునే మేడమ్‌కి చెప్పేసింది.

"ఎవరో ముసలాయన, మేడమ్. చదవడానికి కాదు, నిద్రకొస్తున్నాడు."

మేడమ్ గార్డు సకియాసిని పిలిచి కేకలేసింది.

శుక్రవారం అకనీసి పెన్‌డ్రైవ్ పట్టుకుని పరుగున వచ్చింది.

ముసలాయన లేడు. ఆ కుర్చీలో ఎవరో కుర్రాడు.

దగ్గింది. అతను తల తిప్పలేదు. ఇంకా గట్టిగా దగ్గింది.

"మందేసుకో అక్కా" అన్నాడు.

"నాదీ ఇవాళే కదే" అంది మేరేవాయి తలెత్తకుండా. ఈసారి నవ్వలేదు.

పదయింది. పదకొండయింది. అందరికీ పన్నెండే గడువు. ఒక్కరూ లేవలేదు.

పదకొండున్నరకి అకనీసి గుమ్మం దగ్గరున్న సకియాసిని పట్టుకుంది.

"బాబాయ్, ఆ తాత ఏడీ?"

"నువ్వే కదమ్మా పంపించేయమన్నావు. నిన్న సాయంత్రం పడవకి వాళ్ళ దీవికి వెళ్ళిపోయాడు."

"అసలు లోపలికెందుకు రానిచ్చావు?"

"మన ఆచారం ప్రకారం యంగోనా వేళ్ళ కట్ట తెచ్చి, నా ముందు నేల మీద కూర్చుని, చేతుల్లో పెట్టి అడిగాడు. పుచ్చుకున్నాక కాదనే నోరు నాకెక్కడిది? 'ఆ పిల్ల వచ్చేదాకా కూర్చుంటాను, అంతే' అన్నాడు."

"ఏ పిల్ల?"

"నువ్వే. కుర్చీ దొరక్క నువ్వు నిలబడటం ఒకరోజు చూశాట్ట. ఒకరి కోసం ఒకరు కుర్చీ పట్టకూడదని రూలుందిగా! అందుకే నీక్కూడా చెప్పొద్దన్నాడు."

అకనీసి వెనక్కి తిరిగి ఆ మూల కుర్చీ వంక చూసింది.

"నేనెవరో ఆయనకి తెలీదే!"

సకియాసి ఆమె చేతిలోని పెన్‌డ్రైవ్ వంక చూశాడు.

"పోయినేడు నీలాగే తొమ్మిదిన్నరకొచ్చి, ఖాళీ లేక ఈ గుమ్మంలోనే నిలబడి నిలబడి చదువు మానేసిన రూసిలా అనే పిల్ల ఉండేది, ఆయన దాని తండ్రమ్మా."