చివరి ఓటే లెక్క

“ఫోన్ ఇటు తిప్పమ్మా. ఎక్కడ నొక్కుతున్నావో నాకు కనబడాలి,” అన్నాడు సూపర్‌వైజర్.

కాజాలు కుట్టే ఆమె ఫోన్ తిప్పింది. ఆ కుట్టుమిషన్ల హాల్లో ఇవాళ పనికన్నా ముందు ఓట్లు మొదలయ్యాయి. రోజుకి ఎనిమిది గంటల పనిని పది గంటలు చేస్తే ఒప్పుకుంటారా? అవును, కాదు. అంతే. ‘ఓటు రహస్యం’ అని కంపెనీవాళ్ళు గోడకి కాగితం కూడా అంటించారు. ఆ కాగితం కిందే నిలబడి ఈ పెద్దమనిషి అందరి ఫోన్లలోకీ తొంగి చూస్తున్నాడు.

“రహస్యం అన్నారు కద సార్?”

“రహస్యమే. నీకూ నాకూ మధ్య. నేనేమైనా దాచుకున్నానా? అందరికంటే ముందు, అందరి ఎదురుగా ‘అవును’ నొక్కాను. ‘కాదు’ అనేవాళ్ళు సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పేసి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ రానక్కర్లేదు.”

ఆమె ‘అవును’ నొక్కింది. ఏమీ అనిపించలేదు. పాపని చూసుకునే క్రెష్ ఆరింటికల్లా మూసేస్తారు. రేపట్నుంచి ఆమె గేటు దాటేసరికి ఏడున్నర. అప్పటిదాకా పాప ఎక్కడుంటుందో ఆలోచించబోయింది గానీ, బుర్ర మొద్దుబారిపోయి ఆలోచన ముందుకు కదల్లేదు. చేతులు మాత్రం వాటి మానాన అవి కాజాలు కుట్టుకుంటూ పోయాయి.

భోజనాల వేళ ఫోన్ తీస్తే మెసేజ్ ఉంది. ‘మీ ఓటు అందింది. ఎవరి బలవంతం మీదైనా వేసి ఉంటే సాయంత్రం నాలుగు గంటల లోపు మార్చుకోవచ్చు. చివరగా వేసిన ఓటే లెక్కలోకి వస్తుంది. ఎవరు మార్చారో ఎవరికీ తెలియదు.’

రెండుసార్లు చదువుకుంది.

“ఏంటే, ముద్ద చేతిలో పెట్టుకుని అలా కూర్చున్నావు?” అంది పక్కన గుండీలు కుట్టే అక్క.

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే తిను,” అంటూ అక్క తన ఫోన్ని బోర్లా పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం బాత్రూం ముందు ఎప్పుడూ లేనంత వరుస. ఎవరికీ కడుపులో బాగున్నట్టు లేదు. ఆమె కూడా తన వంతు వచ్చాక గడియ పెట్టుకుని ‘కాదు’ నొక్కి, వచ్చి మిషన్ ముందు కూర్చుంది. ఇప్పుడైనా భయం వేయాలి. వేయలేదు. ఇంతమందిలో ఉన్న ఆ ఒక్క ‘కాదు’ ఎవరిదని అడిగితే తన మొహమే చెప్పేస్తుంది. అబద్ధం ఆడటం ఆమెకి మొదట్నుంచీ చేతకాదు. మిషన్ మీద కప్పే గుడ్డ తీసి దగ్గర పెట్టుకుంది.

నాలుగింటికి మేనేజర్ ఫలితం చదవడానికి వచ్చాడు. ఫోన్ చూశాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

“అందరూ ‘కాదు’ అనే వేశారు. ఒక్కటంటే ఒక్క ‘అవును’ లేదు.”

గుండీల అక్క తలవంచుకుని దారం ఎక్కిస్తోంది. కాజాలు కుట్టే ఆమెకి ఆ రోజు మొదటిసారి తన గుండె కొట్టుకోవడం వినిపించింది.

సూపర్‌వైజర్ మొహం కందగడ్డ అయింది. “మోసం సార్. పొద్దున ఒక్కొక్కరూ ‘అవును’ నొక్కడం ఈ కళ్ళతో చూశాను. నా వెనక మార్చేశారు. అందరినీ పంపించేద్దాం సార్.”

“అది సరేనయ్యా,” అన్నాడు మేనేజర్ నెమ్మదిగా. “అందరికంటే ముందు వేసిన నీ ‘అవును’ ఏమైంది?”