నిన్నటి డికాషన్

కాఫీ రోజూ ఒకే రుచిలో కుదరాలని, పొడిని మా ఆయన అంగట్లో బంగారం తూచే త్రాసుతోనే తూచి ఫిల్టర్లో వేస్తాను. తాగి తీర్పు చెప్పేది పక్కింటి షాహీదాబీ.

"నిన్నటికంటే బాగుండాది టీచరమ్మా" అంటుంది, మూడు నెలలుగా రోజూ. మెచ్చుకున్నకొద్దీ నాకు అనుమానం పెరిగింది.

ఈ ఉదయం, నిన్న మిగిలిన డికాషన్‌నే వేడిచేసి కలిపి ఇచ్చాను.

"నిన్నటికంటే శానా బాగుండాది."

"ఇది నిన్నటిదేనక్కా."

ఆమె నవ్వేసింది. "జ్వరమొచ్చి పోయినప్పట్నుంచి నాకు రుచి, వాసన యాడ తెలుస్తాండాయి? నువ్వేమో పరీక్ష రాసిన పిల్ల మాదిరి నా మొగమే చూస్తాంటావు. బాగలేదని ఎట్ల చెప్పేది?"

"మరి రోజూ ఎందుకు తాగుతాండావు?"

"నువ్వు తూకమేసి ఒకే తీరుగా పెడతావు గదా. నా నాలిక బాగైన దినం మొదట దీంట్లోనే తెలుస్తాది."