హార్డ్ డిస్క్‌లో పాప

ల్యాప్‌టాప్ లోపల ఏదో టిక్కుటిక్కుమంటోంది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

డ్రైవరు మళ్ళీ ఆపి, మళ్ళీ నొక్కాడు. అదే చప్పుడు. గోడకి ఆనుకుని కూర్చున్న భార్య వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"వస్తుందిలే. వేడెక్కినట్టుంది" అన్నాడు.

"వేడెక్కలేదు. నువ్వు పడేశావు."

నిజమే. ఆమె తిండి మానేసి, పొద్దస్తమానం అందులో పాప వీడియోలు చూస్తూ ఏడుస్తోందని, దాన్ని అటక మీద దాచేయబోయాడు. స్టూలు కదిలింది. చేయి జారింది. లారీ స్టీరింగు మీద ఏనాడూ వణకని చేతులు అప్పుడెందుకు పట్టు తప్పాయో అతనికే తెలియదు.

వీడియోల్లో పాపకి నాలుగైదేళ్ళుంటాయి. ఆసుపత్రి మంచం మీద, జుట్టు లేని తలకి పసుపుపచ్చ టోపీ పెట్టుకుని, సూది పొడవడానికి వచ్చిన నర్సుకే ధైర్యం చెబుతుంది. "కళ్ళు మూసుకో ఆంటీ, నొప్పెట్టదు" అంటుంది. ఆ మాటకి ఎవరైనా నవ్వాల్సిందే. ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసినవాళ్ళకి మాత్రం ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

"పోయిన బిడ్డ ఎలాగూ తిరిగిరాదు. మిగిలిన ఆ నవ్వు కూడా లేకుండా చేశావు. కన్నతల్లి ఇక ఏం చూసుకుని బతకాలి?" అంది భార్య.

ఆమెకి నెలలు నిండుతున్నాయి. కడుపు మీద చెయ్యేసుకుని అటు తిరిగి పడుకుంది.

ఆ రోజు లారీ తియ్యలేదు. వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, ల్యాప్‌టాప్‌ని బోర్లించి, స్క్రూలన్నీ విప్పాడు. హార్డ్ డిస్క్ అరచేతిలో ఇమిడిపోయింది. ఇంత చిన్న డబ్బాలోనా అంత పాప ఉంది అనిపించింది. ఎవరో చెప్పారని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో ఉంచాడు. తీసి బిగిస్తే, టిక్కుమనడం కూడా మానేసింది.

"నీ వైద్యం ఇక చాలు. చేతనైనవాడికి చూపించు. అది బాగయ్యేదాకా నాతో మాట్లాడకు" అంది భార్య.

తమ వీధిలోనే కంప్యూటర్ షాపులున్నా, ఊరి అవతలి కొసన ఉన్న మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాడు డ్రైవరు.

మెకానిక్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "లోపల డేటా చదివే హెడ్డు దెబ్బతింది. కాపీ ఎక్కడా తీసి పెట్టుకోలేదా?"

"లేదండి."

"అందరూ ఇంతే! ఏముంది ఇందులో?"

"పాప."

మెకానిక్ తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. గొంతు తగ్గించాడు. "పాప పేరు?"

"చిట్టితల్లి. ఫోల్డరు ఆ పేరుతోనే ఉంటుంది."

"అసలు పేరు?"

డ్రైవరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

"వద్దులెండి, వద్దు. మీ ఫోన్ నంబరు చెప్పండి చాలు."

"ఫోను... పాడైంది. నేనే వచ్చి కనుక్కుంటా."

అప్పట్నుంచి ట్రిప్పు అవగానే ఆ షాపు ముందు నిలబడటమే పని. ఇంట్లో మాటల్లేవు. భార్య అతని కంచంలో అన్నం పెట్టేసి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. బయట ఏ బండి ఆగినా అతను లేచి కిటికీ సందులోంచి చూసేవాడు. కునుకు పడితే చాలు, పసుపుపచ్చ టోపీ కళ్ళముందుకి వచ్చేది.

ఒక సాయంత్రం మెకానిక్ ఎదురొచ్చి చేయి పట్టుకున్నాడు.

"దొరికేసిందండీ మీ చిట్టితల్లి! ఫోటోలు కొన్ని పోయాయి. వీడియోలన్నీ దక్కాయి. కొత్త డిస్కులోకి ఎక్కించేశా."

డ్రైవరు రెండు చేతులా కౌంటరు పట్టుకున్నాడు.

"అన్నట్టు, ఇన్ని ఫోటోల్లో మీరు ఒక్కదాంట్లోనూ లేరేంటండీ?"

"నేనెప్పుడూ... రోడ్ల మీదే కదండీ."

మెకానిక్ జాలిగా తలూపాడు. కొత్త డిస్కు ఖరీదు తప్ప పైసా తీసుకోలేదు. "నాకూ ఆడపిల్లే" అన్నాడు. ఆ మాట డ్రైవరుకి చెంపదెబ్బలా తగిలింది.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. పాప నర్సుకి ధైర్యం చెప్పింది. భార్య కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళ తర్వాత అతని భుజం మీద చెయ్యేసింది.

"ఇప్పుడైనా కడుపునిండా తింటావా?" అన్నాడు.

"ఇంకో పనుంది. చొక్కా మార్చుకో."

అతను ల్యాప్‌టాప్ మూసేశాడు. "ఇప్పుడొద్దే. నీ కాన్పు అయ్యాక..."

"అప్పుడు బిడ్డ ముఖం ఎలా చూస్తావు? లే."

ఇద్దరూ బస్సెక్కారు. దిగి, ఒక సందులోకి తిరిగి, కిటికీలకి ఇంకా కర్టెన్లు కట్టని ఇంటి ముందు ఆగారు. అతను ల్యాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"కాళ్ళు రావడం లేదే."

"నేనున్నాగా" అంటూ ఆమె బెల్లు నొక్కింది.

తలుపు తీసిన పాప తల్లి, తాము ఇల్లు మారిన రోజున సామాన్ల లారీలోంచి మాయమైన ల్యాప్‌టాప్‌ని ఆ లారీ డ్రైవరు చేతుల్లోనే చూసి, గుమ్మంలో కూలబడిపోయింది.