కేసులో కత్తి

"సార్, ఒక్క చుక్క నూనె రాసి పోత" అంది కవిత, చంకలో పాపతో.

"దేనికి?" అన్నాడు కానిస్టేబుల్ జలపతి.

ఠాణా ముంగిట్లో వానకు నానుతున్న కుప్పను చూపించింది. పొద్దున తెలంగాణ కోసం ఆడవాళ్లంతా కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెడితే, పోలీసులు పట్టుకొచ్చిన సామానది. గంజులు, గరిటెలు, సగం కోసిన ఉల్లిగడ్డలు, చితికిన టమాటలు. నడుమ ఒక ఇనుప కత్తి. పోలీసులు దిగినప్పుడు కవిత పక్కన అరుగు మీద పాపకు పాలిస్తోంది. పాపను పట్టుకుని ఉరికింది. కత్తి అక్కడే ఉండిపోయింది.

"మా అత్తది సార్. తుప్పు పడుతది."

"పడితే పడనియ్. స్టీలుది కొనుక్కో."

"స్టీలుది టమాటను కోయది సార్, నలుపుతది. గిది లారీ పట్టీతోని బీర్పూర్ కమ్మరాయన చేసిండు. దీనికి టమాట పులుపు పడది, వాన అసలే పడది."

పెళ్లయిన ఇన్నాళ్లకు ఐలవ్వ ఆ కత్తిని కోడలి చేతికివ్వడం ఇదే మొదలు. పొద్దున బండెక్కుతూ కూడా ఒక్కటే కేకేసి చెప్పింది. "నేనచ్చేదాక నా కత్తి పైలం. దానికి మచ్చ కనవడ్డదో, నువ్వు మీ తల్లిగారింటికే."

"మీ అత్తకు ఎవలు చెప్తరు? నేనైతే చెప్ప" అన్నాడు జలపతి.

"ఆమెకు ఒకలు చెప్పుడు అక్కర్లేదు సార్."

కవిత మాటిమాటికీ అతని భుజం మీదుగా లోపలికి చూస్తోంది.

"ఎస్సై సారు లేడు, భయపడకు. జల్ది కానియ్. బిడ్డను నాకియ్యి."

కవిత కత్తిని వరండాలోకి తెచ్చి కొంగుతో తుడిచింది. అంచున అప్పుడే ఎర్రటి మచ్చలు. గబుక్కున కుప్పలోంచి ఒక ఉల్లిచెక్క అందుకుంది.

"ఉల్లిగడ్డ ముట్టకు. అది గూడ కేసుల ఉన్నది."

కొంగు ముడిలోంచి పొయ్యి బూడిద తీసింది. మచ్చలు పోయేదాకా రుద్దింది. తడి లేకుండా తుడిచింది. పాప మాడుకు పెట్టే ఆముదం సీసా తీసి, వేలితో పలుచగా రాసింది.

ఈలోపు పాప జలపతి ఒడి తడిపేసింది.

కవిత ఆముదం సీసా మళ్లీ తెరిచింది. "బెల్టు బిళ్లకు గూడ రాయాల్నా సార్? తుప్పు పడుతది."

"నీకు దండం పెడుత తల్లీ, ఇగ చాలు."

"గుడ్డల చుట్టకు సార్, చెమ్మ పడుతది. గోడకు తగిలియ్యి."

జలపతి కత్తిని వరండా మేకుకు తగిలించాడు. పాపను ఆమె చేతిలో పెట్టాడు.

"ఇగ ఇంటికి పో. మీ అత్త అడిగితే, పోలీసోళ్లు కత్తిని మంచిగ అరుసుకుంటున్నరని చెప్పు."

కవిత కదల్లేదు. మళ్లీ లోపలికే చూసింది.

ఆమె చూపు వెంట జలపతి వెనక్కి తిరిగేసరికి, పొద్దున పోలీసు బండెక్కించి తెచ్చినప్పటి నుంచి ఆ లోపలి గది ఊచలు వదలని ఐలవ్వ అంది, "పిడి కాడ రాయలే, మళ్ల రాయి."