మోత ఆపకండి

“ముందు ఈ మోత ఎలా ఆపాలో చెప్పండి! పాప ఇప్పుడే పడుకుంది.”

హెల్ప్‌లైన్ గదిలో ఫోనెత్తిన పెద్దాయన కలం ఫారం మీద అలాగే ఆగిపోయింది. గ్యాస్ అలారాలు తయారుచేసే కంపెనీ అది. రోజుకి నలభై ఫోన్లు వస్తాయి. సగం మందికి కావలసింది ఇదే, మోత ఆగడం.

“ఈ కాల్ రికార్డవుతుంది మేడమ్,” అన్నాడు గొంతు సవరించుకుని. “అలారం ఎక్కడ పెట్టుకున్నారు?”

“కారవాన్‌లో. మేం కాపురం ఉండేదే ఈ చక్రాల బండిలో. పోయిన వారం కూడా అరిస్తే బ్యాటరీ మార్చాం. మళ్లీ మొదలెట్టింది.”

“పోయిన వారం నిమిషానికోసారి చిన్నగా కూసి ఊరుకుందా?”

“అవును.”

“అది బ్యాటరీ అయిపోతోందని చెప్పడం. ఇప్పుడు వరసగా ఎన్నిసార్లు అరుస్తోందో లెక్కపెట్టండి.”

ఆమె లెక్కపెట్టేలోపే ఆయనకి వినిపించింది. నాలుగు అరుపులు, కాస్త విరామం, మళ్లీ నాలుగు. బ్యాటరీ కూత కాదది, విషవాయువు హెచ్చరిక.

“బయట జనరేటర్ నడుస్తోందా?”

“నడుస్తోంది. పొద్దుట్నుంచీ కరెంటు లేదు. వానకి తడుస్తుందని మా ఆయన దాన్ని పందిరి కిందికి, కిటికీ పక్కకి లాగి పనికెళ్లారు.”

“పాపని ఎత్తుకుని వెంటనే బయటికి రండి మేడమ్.”

“ఈ వానలోకా? దానికసలే జలుబు. అయినా లోపల వాసనేమీ లేదే!”

“ఇది వంటగ్యాసు కాదు, జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. మీకు తలనొప్పిగా ఉందా?”

“పొద్దుట్నుంచీ. నిద్ర చాలక.”

“నిద్ర చాలక కాదమ్మా!”

మేడమ్ అనడం మరిచిపోయాడు. వెనక బల్ల దగ్గరున్న సూపర్‌వైజరు తలెత్తి చూసింది.

“మీరలా అరవకండి. ఇంత మోతలోనూ ఎంత హాయిగా పడుకుందో! కదలనైనా కదలట్లేదు, నా బంగారుతల్లి.”

పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఇంత మోతకి పసిపిల్ల లేవకపోవడమేమిటి? ఎత్తుకో! తడిస్తే తుడుచుకోవచ్చు. ముందు ఎత్తుకో!”

అవతల ఏదో కింద పడింది. తలుపు ధడేలుమంది. ఆ తర్వాత చెవినిండా వాన. ఆ వానలో ఆమె గొంతు. “లేమ్మా... కళ్లు తెరువమ్మా... లే...”

అటువంటప్పుడు ఏమనాలో ఫారంలో ఎక్కడా రాసిలేదు. ఆయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

మొదట చిన్న దగ్గు. తర్వాత సన్నగా మూలుగు. ఆ తర్వాత వానని మించి ఏడుపు.

ఆయన ఫోను చెవికి అదుముకుని వినవలసిన దానికంటే ఎక్కువసేపే విన్నాడు.

“ఎక్కడున్నారు?”

“చెరువు వెనక కారవాన్ల మైదానం. పదిహేడో నంబరు.”

సూపర్‌వైజరు అప్పటికే అంబులెన్సుకి కలిపింది. ఆయన ఆ చిరునామా ఆమెకి వినిపించేలా పైకి చెబుతూ ఫారంలో రాశాడు. ఇంకో కాగితం మీద కూడా రాసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“మళ్లీ లోపలికి వెళ్లకండి. జనరేటర్ జోలికి కూడా పోవద్దు. వచ్చినవాళ్లు చూసుకుంటారు.”

“సరే. పక్క బండావిడ గొడుగు పట్టింది.” ఆమె పళ్లు కటకటలాడుతున్నాయి. “మీరు ఫోన్ పెట్టేయకండి.”

“పెట్టను.”

సూపర్‌వైజరు గడియారం వైపు వేలు చూపించింది. ఒక్కో కాల్‌కి ఆరు నిమిషాలు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

“నెలకోసారి టెస్టు బటన్ నొక్కుతున్నారా?” ఫారంలో మిగిలిన ప్రశ్న అదొక్కటే.

“ప్రతి ఒకటో తారీఖునా. చిన్నప్పట్నుంచీ అలవాటు.”

“మంచి అలవాటు.” కలం పక్కన పెట్టి, “పాపకి ఎన్నో నెల?” అన్నాడు. అది ఫారంలో లేదు.

“నాలుగు నిండాయి. బోర్లా పడుతోంది.”

“సాయానికి పెద్దవాళ్లెవరూ రాలేదా?”

“నేను పిలవలేదు.” వాన చప్పుడు. “పిలవకపోయినా వస్తారేమో అనుకున్నాను.”

“చిరునామా తెలియాలిగా మరి.”

“తెలియాలి,” అంది ఆమె.

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. “ఇక ముందు జనరేటర్‌ని బండికి ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. పొగ గొట్టం మూతి అటువైపు తిప్పండి. వానొస్తే దానికి వేరే రేకు కప్పుకోవాలి గానీ కిటికీ పక్కకి లాగకూడదు.”

“అలాగే.”

“ఇరవై అడుగులు. కాళ్లతో కాదు, టేపుతో కొలవండి.”

“అలాగేనండీ.”

సైరన్ దగ్గరైంది. బూట్ల చప్పుళ్లు, ఎవరిదో గట్టి గొంతు. నర్సు ఇద్దరి నాడీ చూసి, సమయానికి బయటపడ్డారని, ఆసుపత్రిలో కాసేపు ఆక్సిజన్ పెడితే సరిపోతుందని చెప్పడం ఫోన్లో వినిపించింది. జనరేటర్ రొద ఆగిపోయింది. పెద్దాయన అప్పుడు కూర్చున్నాడు.

ప్రతి కాల్ చివరా అడగవలసిన మాట ఒకటి మిగిలింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ తడబడలేదు.

“ఇంకే... ఇంకేమైనా సాయం కావాలా, మేడమ్?”

అవతల అంబులెన్సు తలుపు మూసుకున్న చప్పుడు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాడు.

“ఒక్కటి చెప్పు,” అంది ఆమె. “ఏడుపు విన్నావుగా. దానిది అచ్చం అమ్మ గొంతే కదూ, నాన్నా?”