పాత బల్బులు

"ఆ బల్బులు తియ్యకు నాయనా. అలాగే ఉండనీ."

కారు ముందు వంగి ఉన్న సిదిక్ తల తిప్పి చూశాడు.

షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన. తెల్లటి ఉన్ని టోపీ. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నాడు.

"ఇవి తనిఖీ కోసం పెట్టినవి పెద్దాయనా. పొద్దున అయిపోయింది. మళ్లీ జెనాన్ పెట్టెయ్యాలి."

కనుమ కింద ఆ ఊళ్లో అందరూ చేసేది అదే. ఏడాదికి ఒక్కరోజు చట్టం ఒప్పుకునే పసుపు హాలోజన్ బల్బులు, మిగతా రోజులన్నీ తెల్లగా మెరిసే జెనాన్. తనిఖీ చేసేవాళ్లకూ తెలుసు. వాళ్ల కార్లకు బిగించిందీ సిదికే.

రోడ్డు మీద ఒక బొగ్గు లారీ హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది.

"పోయాడు ఇంకో కాస్మలి!" అన్నాడు సిదిక్.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. హారన్‌కనుకున్నాడు సిదిక్.

"మాకిక్కడ అదొక తిట్టు లెండి. కాస్మలి అని ఒక లారీ డ్రైవరు. మూడేళ్ల కిందట పైన నది మలుపులో మా తమ్ముడి కారు మీదికి వచ్చాడు. ఇదే కారు. లోపల మా అమ్మాయి ఉంది. ఆఖరి క్షణంలో లారీ నదిలో పడింది కాబట్టి సరిపోయింది. నేనప్పుడు రష్యాలో కూలి పనిలో ఉన్నాను. తమ్ముడే సాక్ష్యం చెప్పి వాణ్ని జైల్లో వేయించాడు."

"ఏమని చెప్పాడు?"

"తాగి ఉన్నాడని. తాగనివాడు ఎవడైనా రోడ్డు వదిలి నదికేసి తిప్పుతాడా?"

ముసలాయన ఎడమ కాలు చాపుకుని గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాడు.

సిదిక్ కూతురు నూర్‌పెరి టీ, రొట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. రొట్టె తినకముందు పెద్దవాళ్లను పేరడగడం అక్కడ మర్యాద కాదు.

"ప్రయాణమా తల్లీ?"

"అవును తాతా. బిష్కెక్ పట్నంలో నర్సు చదువు. సాయంత్రం బాబాయి కారులో వెళ్తున్నా."

ఆయన సిదిక్ వైపు తిరిగాడు.

"ఈ ఒక్క ప్రయాణానికైనా పాతవి ఉంచు నాయనా. ఈ లైటు లోపలి అద్దం హాలోజన్ కోసం చేసింది. అందులో ఇది పెడితే వెలుగు రోడ్డు మీద పడదు, చెదిరిపోయి ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది."

"మా తమ్ముడికి బాగానే కనిపిస్తుందే!"

"వాడికి కనిపిస్తుంది. ఎదుటివాడికి?"

"ఎదుటివాణ్నీ పెట్టించుకోమనండి. నాకూ బేరం." సిదిక్ నవ్వాడు. "ఇంతకీ మీరేమైనా పాత బల్బులు అమ్ముతారా పెద్దాయనా?"

"ఎదుటివాడి పక్కసీట్లోనూ ఎవరో ఒకరు ఉంటారు నాయనా."

"నాన్నా, పోనీ ఉంచకూడదూ!" అంది నూర్‌పెరి.

"నువ్వెళ్లి సంచి సర్దుకో."

సిదిక్ రెండో జెనాన్ బల్బు కూడా బిగించాడు. స్విచ్ వేశాడు. పట్టపగలే ఎదుటి గోడ తెల్లగా మెరిసింది.

"ఎన్నింటికి బయల్దేరతారు?" ముసలాయన అడిగాడు.

"మసక చీకటి పడ్డాక."

ఆయన రొట్టె ముట్టుకోకుండానే లేచి, కనుమ వైపు నడిచి వెళ్లిపోయాడు.

చీకటి పడుతుండగా సిదిక్ ఫోను మోగింది.

"నాన్నా! నది మలుపు దగ్గరున్నాం. మాకేం కాలేదు. నువ్వు రా."

సిదిక్ వెళ్లేసరికి రోడ్డుకు అడ్డంగా ఒక బొగ్గు లారీ. దానికి బారెడు దూరంలో తమ్ముడు ఇల్గిజ్ కారు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. రోడ్డు పక్కన దుప్పటి కప్పిన శవం. పక్కనే తెల్లటి ఉన్ని టోపీ.

లారీ డ్రైవరు పోలీసుకి చెబుతున్నాడు.

"మలుపుకి ముందే నిలబడి టోపీ ఊపాడు సార్. నెమ్మదిగా రమ్మని. బ్రేకు వేశాను. లేకపోతే ఆ కారు నా చక్రాల కింద ఉండేది."

"మరి ఈయన్ని ఎలా గుద్దావు?"

"కారు మలుపు తిరిగింది. దాన్నీ ఆపాలని ఈయన రోడ్డు మధ్యకి పరిగెత్తాడు. అంతే సార్, అంతా తెల్లగా అయిపోయింది. రోడ్డు లేదు, నది లేదు. మనిషి కూడా కనపడలేదు."

నూర్‌పెరి ఆ దుప్పటి పక్కనే కూర్చుని ఏడుస్తోంది.

ఇల్గిజ్ అన్న దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ రాత్రి కూడా ఇంతే అన్నయ్యా. లారీ నా మీదికి రాలేదు. తనే పక్కకి తిరిగింది."

"తాగి ఉన్నాడన్నావు కదరా!"

"నాకేం తెలుసు? లైట్ల సంగతి అడుగుతారని భయపడి అలా చెప్పేశాను."

పోలీసు శవం జేబులోంచి తీసిన గుర్తింపు కార్డు పట్టుకుని వచ్చాడు.

"మధ్యాహ్నం మీ షెడ్డు దగ్గర కూర్చున్నాడట. మీకు తెలిసినవాడేనా?"

"పేరు అడగలేదు" అన్నాడు సిదిక్.

కార్డు తీసుకుని తమ్ముడి కారు లైట్ల ముందు పట్టుకున్నాడు.

ఆ తెల్లటి వెలుగులో అక్షరాలు చాలా స్పష్టంగా కనిపించాయి: కాస్మలి.